స్టార్ట్ చెయ్యకు, ముందు తిప్పు

చిన్నా,

దసరా సెలవులకు వచ్చి చావిట్లో ట్రాక్టరు బాగుచేస్తానని రాశావు. సంతోషం. వస్తూ కొత్త బ్యాటరీ కొనుక్కొస్తానన్నావు చూడు, అది మాత్రం వద్దు. పన్నెండేళ్లు కదలని ఇంజనుకి బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడితే, పట్టేసిన రింగు విరిగి లైనరును గీరేస్తుంది. ఆ పైన ఖర్చు బండి ఖరీదును దాటిపోతుంది.

అది హెచ్.ఎం.టి. 2511. పాతిక గుర్రాల బండి, రెండే సిలిండర్లు. చెకోస్లొవేకియా వాళ్ల జెటార్ నమూనా తీసుకుని 1971 నుంచి హర్యానాలోని పింజోర్‌లో తయారుచేశారు. నేను కొన్నప్పుడు ఊళ్లో వాళ్లు "వాచీల కంపెనీ బండి, టైముకి దున్నుతుంది" అని ఎగతాళి చేశారు. 2016లో ఆ ట్రాక్టర్ల విభాగాన్నే మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. కాబట్టి దాని సామాను ఏదైనా విరిగితే కొత్తది కొనుక్కోవచ్చులే అనుకోకు.

ముందు నాజిళ్లు రెండూ విప్పు. ఆ బెజ్జాల్లో ఇంజనాయిలు, డీజిలు సగంసగం కలిపి పోసి వారం రోజులు వదిలెయ్. రోజూ పోసి చూడు, దిగుతోందా నిలిచే ఉందా అని. తర్వాత పెద్ద గేరులో పెట్టి, ఇద్దరు వెనక నుంచి కాస్త ముందుకీ కాస్త వెనక్కీ ఊపండి. మొదటి రోజు కదలకపోతే బలం చూపించొద్దు, మళ్లీ ఆయిలు పోసి అన్నానికెళ్లండి. వెంట్రుకవాసి కదిలిందంటే చాలు, మిగతాది అదే వస్తుంది. అప్పుడు మొహం మాత్రం ఆ బెజ్జాల మీద పెట్టకు, లోపలి ఆయిలంతా చిమ్ముతుంది.

కింద చాంబరు ప్లగ్గు వదులు చేస్తే ముందు నీళ్లొస్తాయి, తర్వాత నల్లటి ఆయిలు. నీళ్లు బరువు కదా, అడుక్కి చేరతాయి. ట్యాంకులో డీజిలు కూడా పాడై జిగురుపట్టి ఉంటుంది, ఒక్క చుక్క మిగల్చకుండా పారబొయ్యి. ఎయిర్ క్లీనరు గిన్నె తప్పకుండా విప్పు. అందులో ఎలుక కాపురం పెట్టి ఉంటుందని నా అనుమానం.

స్టార్ట్ చేసే రోజు ఇంజను ఆపే తీగ లాగితే వస్తోందో లేదో ముందు చూసుకో. డీజిలు పంపు లోపల పుల్ల పట్టేసి ఉంటే, ఇంజను అందుకోగానే ఆగకుండా రేసు పెరిగిపోతుంది. చేతిలో చదునైన చెక్క ఒకటి పెట్టుకుని ఉండు, గాలి పీల్చే గొట్టం మూతికి అడ్డం పెడితే ఆగుతుంది. గుడ్డ పెట్టకు, లాగేసుకుంటుంది. ఇంకోటి, లుంగీ కట్టుకుని వెనక తిరిగే పీటీఓ షాఫ్టు దగ్గరికి పోవద్దు. ఈ మాట మీ నాన్నకి వందసార్లు చెప్పాను.

ఇక మిగతా ఇనుము సంగతి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే బోల్టు మరలో బిగుసుకుపోతుంది. విప్పే ముందు కాస్త బిగించు, పటుక్కుమన్నాక వదులు చెయ్యి. ప్రతి వస్తువునీ సుత్తితో తట్టి చూడు. ఖంగుమంటే లోపల ఇంకా ఇనుము ఉంది. డబడబమంటే పాత ఇనుము వాడికే. ట్రక్కు తొట్టి అడుగు అలాగే పలుకుతుంది. నా తప్పే. పొటాష్ బస్తాలు చిరిగి ఒలికితే కడగకుండా వదిలేశాను. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, ఉప్పులాంటిదే, తేమను పట్టి ఉంచుతుంది. రేకును జల్లెడ చేసింది. నాగలికి మాత్రం సీజను అయ్యాక కాలిన ఆయిలు పూసి పెట్టేవాణ్ణి. ఇప్పటికీ గీకితే అద్దంలా మెరుస్తుంది చూడు.

దమ్ము చక్రాలు అమ్మెయ్యమంటున్నారు అందరూ. అమ్మెయ్. రోటవేటరు వచ్చాక వాటితో మనకేం పని? నాకు బాధేం లేదు. బండి మాత్రం ఉండనీ. మీ నానమ్మ కోళ్లకి వదిలేద్దామంటోంది, ఆవిడ మాట పట్టించుకోకు.

అది చెడిపోయి ఆగలేదురా. కిరాయి ట్రాక్టరు ఎకరానికింతని గంటలో పని ముగించి పోతుంటే, మన సొంత బండికి డీజిలు పోయడం దండగనిపించింది. ఆఖరి దమ్ము చేసిన సాయంత్రం వానొస్తోందని, బురదతోనే తెచ్చి చావిట్లో పెట్టాను. పొద్దున్నే కడుగుదామనుకున్నాను. ఆ బురద ఇంకా కుడివైపు మడ్‌గార్డు కింద అలాగే ఉంది, గట్టిపడి. దాని కిందే తుప్పు ఎక్కువ తినేసింది. అక్కడ గీకేటప్పుడు ఉలి వాడకు, నీళ్లు పెట్టి నానబెట్టు.

వచ్చేటప్పుడు రెండు కిలోల గ్రీజూ, ఒక వైరు బ్రష్షూ తీసుకురా. చావిట్లోకి అడుగుపెట్టే ముందు కర్రతో తలుపు మీద కొట్టు. కాసేపు ఆగి లోపలికెళ్లు, గడ్డి కింద పాములుంటాయి.

మీ తాతయ్య