చేనిలో చివికిన ప్లాస్టిక్కును కనుగొనుట

కూరగాయల పంట తీసిన పిదప మల్చింగు షీటును ఒకసారి లాగి చూడుడు. ఎండ తగిలిన నడిమి భాగము పొరలు పొరలుగా చిరిగి చేతికి వచ్చును. మట్టి కప్పిన అంచులు మాత్రము గట్టిగానే యుండి, తెగి లోపలనే నిలిచిపోవును. ఆ మీద ట్రాక్టరు తిరిగినచో ముక్క ముక్కలగును.

5 మిల్లీమీటర్లకు లోపు తునకలను సూక్ష్మ ప్లాస్టిక్కు అందురు. 2004లో బ్రిటనులోని ప్లిమత్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ థాంప్సన్ సముద్రతీరపు ఇసుకలో వీటిని చూపిన పిదప ఈ మాట వ్యాప్తిలోనికి వచ్చినది. మర్పల్లికి సముద్రము దూరమే. కాని షీటు, యూరియా సంచి, డ్రిప్పు పైపు మన చేలలోనే యున్నవి గదా!

ఎండలోని అతినీలలోహిత కిరణములు ప్లాస్టిక్కును పెళుసు చేయును. గాలిలోని ఆమ్లజని దానితో కలియును. రంగు వెలిసి, పైన సన్నని పగుళ్ళు పడును. నల్లరేగడి బంకమన్ను ఆ పగుళ్ళలో చొరబడును. కొత్త ముక్క నీటిపై తేలును. చివికిన ముక్క మన్ను మోసికొని మునుగును. పరీక్షలో మోసపోవునది ఇక్కడనే.

పరీక్ష ఇట్లు చేయవలెను. ఎకరములో ఐదారు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టిని ఇనుప పారతో తీసి, కలిపి, గుడ్డసంచిలో వేయుడు. పాలిథిన్ సంచి పనికిరాదు. నీడన ఆరబెట్టి 100 గ్రాములు తూచి, ఒక రాత్రి మంచినీటిలో నానవేసి గడ్డలు చిదుపుడు. తేలినవి తీసి, తేరిన నీరు సన్నని గుడ్డలో వడగట్టుడు. పిమ్మట లీటరు నీటికి 350 గ్రాముల ఉప్పు కరిగించి, వడగట్టి, ఆ నీరు పోసి బాగుగా కలిపి రాత్రంతా కదపక ఉంచుడు. ఇట్లు మూడు మారులు చేయవలెను. రేగడికి ఒక మారు చాలదు. మట్టి వేయని మరొక గాజుసీసాలో ఉప్పునీరు మాత్రము ఉంచి, అందులో తేలినవి లెక్కనుండి తీసివేయుడు. ఉప్పులోనూ ప్లాస్టిక్కు ఉండవచ్చును. పి.వి.సి. పైపు తునకలు ఉప్పునీటిలోనూ తేలవు; అడుగున వెదకవలెను.

తేలినదంతయు ప్లాస్టిక్కు కాదు. గడ్డిపోచలు, వేళ్ళు కూడ తేలును. భూతద్దము క్రింద కాలిన సూది మొన తాకించుడు. ప్లాస్టిక్కు కరగును లేక ముడుచుకొనును, గడ్డి మాడును. ఏ రకపు ప్లాస్టిక్కో సూది చెప్పలేదు. దానికి పరారుణ కిరణముల పరీక్ష కావలెను. చివికిన ముక్కలో ఆమ్లజని చేరినందున 1715 ప్రాంతమున కొత్త గుర్తు కనబడును. కొత్త ప్లాస్టిక్కు గుర్తులతో మాత్రమే పోల్చినచో పొరపాటు రావచ్చును.

100 గ్రాములలో ఒక్క తునక కనబడినను కొద్దియని తలపకుడు. ఎకరమున ఆ లోతు మట్టి సుమారు 8 లక్షల కిలోలు. ఆ లెక్కన తునకలు 80 లక్షలు. వాటిని ఏరుట ఎవరి వశము? కావున షీటు పెళుసు కాకముందే, అంచుల వెంట మట్టి వదులు చేసి తీసివేయుడు. గట్టుపై కాల్చుట తగదు. విషపు పొగ వచ్చును.

నమూనా పంపునపుడు అదే షీటు నుండి వాడని ముక్కను, ఎండిన ముక్కను వేర్వేరు కాగితములలో చుట్టి జతచేయుడు. పరచిన నెల, తీసిన నెల, సర్వే నంబరు పెన్సిలుతో వ్రాయుడు.