వీధి కుక్కను తెచ్చుకునే ముందు మీ ఇంటిని చూసుకోండి

దిక్కులేకుండా తిరిగే కుక్కను ఇంటికి తెచ్చి పెంచుకోవాలనే కోరిక మంచిదే. మన ప్రాంతంలో ఇది ఇప్పుడు కొత్త కూడా కాదు. హైదరాబాదులో బ్లూ క్రాస్, విశాఖపట్నంలో విశాఖ ఎస్.పి.సి.ఎ. వంటి సంస్థలు 1990లలోనే ఇలాంటి జంతువులను చేరదీయడం మొదలుపెట్టాయి. 2025 ఆగస్టులో వీధి కుక్కల కేసులో సుప్రీంకోర్టు, కావలసినవారు నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకుని వీధి కుక్కను దత్తత తీసుకోవచ్చని, అయితే ఆ కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడవలసిన బాధ్యత వారిదేనని చెప్పింది.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. సరిగా చూసుకుంటే కుక్క పన్నెండు, పదిహేనేళ్ళు బ్రతుకుతుంది. మూడు నెలలు ముద్దు చేసి, పెరిగాక గేటు బయట వదిలేస్తే దానికి తిండి వెతుక్కోవడం రాదు, వీధిలోని మిగతా కుక్కలు దగ్గరకు రానివ్వవు. కాబట్టి ఏ కుక్క అందంగా ఉందా అని కాదు, మన ఇంట్లో ఏ కుక్క ఇమడగలదా అని చూడాలి.

మొదట అడగవలసిన ప్రశ్న, పగలంతా ఇంట్లో ఎవరు ఉంటారు? భార్యాభర్తలిద్దరూ డ్యూటీకి వెళ్ళి, పిల్లలు స్కూలుకు వెళ్ళే ఇంట్లో రెండు నెలల పిల్ల పెరగలేదు. దానికి రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి, గంట గంటకు బయటికి తీసుకువెళ్ళాలి, పళ్ళు వచ్చే రోజుల్లో చెప్పులు, వైర్లు, చేతికందినవన్నీ కొరుకుతుంది. దాన్ని పొద్దుట నుండి సాయంత్రం వరకు గొలుసుతో కట్టేసి ఉంచితే అది కరిచే కుక్కగా తయారవుతుంది, తప్పు మాత్రం కుక్క మీద వేస్తారు. ఇటువంటి ఇంటికి రెండు మూడేళ్ళ వయసున్న నెమ్మది కుక్క మేలు. పెద్ద కుక్క మనకు అలవాటు కాదని చాలామంది అనుకుంటారు గానీ, అది నిజం కాదు. కొన్ని వారాల్లో ఇంటి పద్ధతి తెలుసుకుంటుంది. పైగా పెద్ద కుక్క గుణం ఎటువంటిదో ముందే కనబడుతుంది, పిల్లలో అది తెలియదు.

రిటైరైన పెద్దవారు ఒంటరితనం పోవడానికి కుక్కపిల్ల కావాలంటారు. మోకాళ్ళ నొప్పులున్నవారికి, ఎముకలు గుల్లబారినవారికి కాళ్ళకు అడ్డంపడే పిల్ల చాలా ప్రమాదం. తుంటి ఎముక విరిగితే మంచం పట్టవలసి వస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి చిన్న గీటు కూడా త్వరగా ఆగదు. సంరక్షణ కేంద్రాలలో బండి ప్రమాదంలో ఒక కాలు పోయిన కుక్కలు ఉంటాయి, వాటిని ఎవరూ అడగరు. మూడు కాళ్ళతో అవి చక్కగా నడుస్తాయి. మేడ మెట్లు లేని ఇంటిలో, గుణం నెమ్మదైనదైతే పెద్దవారికి మంచి తోడు.

ఐదేళ్ళలోపు పిల్లలున్నారా? ఎంత మంచి కుక్కయినా పిల్లవాడితో ఒంటరిగా వదలకూడదు. అది తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు ముట్టుకోకూడదని పిల్లలకు నేర్పాలి. క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్ మాత్రలు, డయాలిసిస్ మీద ఉన్నవారు ఇంట్లో ఉంటే డాక్టరు గారిని అడగకుండా తేవద్దు. ఆస్తమా ఉన్నవారైతే కేంద్రానికి రెండు మూడుసార్లు వెళ్ళి ఆ కుక్క దగ్గర కాసేపు కూర్చుని, ఆయాసం వస్తుందేమో చూసుకోవాలి.

మన నాటు కుక్క ఎండకు తట్టుకుంటుంది, పొట్టి వెంట్రుకలు కాబట్టి పని తక్కువ. కానీ కొత్తవారిని చూస్తే మొరుగుతుంది. వారం వారం ఇంట్లో కూడికలు పెట్టుకునేవారు, ట్యూషన్ చెప్పేవారు, కుట్టుమిషను పనిచేసేవారు ఇది మరచిపోకూడదు. కుక్కను చూడడానికి ఒకసారి కాక, వేరువేరు వేళల్లో రెండుసార్లు వెళ్ళండి. గిన్నె దగ్గర పెట్టినప్పుడు గుర్రుమంటుందా, అపరిచితుడు వస్తే దాక్కుంటుందా, గట్టిగా చప్పుడైతే తేరుకోవడానికి ఎంతసేపు పడుతుంది, ఇవి చూస్తే చాలు.

ఇక రేబిస్ సంగతి. చెవి కొన కొద్దిగా కత్తిరించి ఉంటే ఆ కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని, అప్పుడే రేబిస్ టీకా కూడా వేశారని గుర్తు. ఏ సంవత్సరంలో వేశారో మాత్రం చెవి చెప్పదు. కాబట్టి కార్డు అడగండి, లేకపోతే మళ్ళీ వేయించండి. పిల్లలకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తరువాత పశువైద్యుడు చెప్పినట్లు ప్రతి సంవత్సరం. నులిపురుగుల మందు కూడా తప్పనిసరి, ఆ పురుగులు మన పిల్లలకు కూడా వస్తాయి.

మా ఇంజక్షన్ గదిలో తరచు వినే మాట, “చిన్న కుక్కపిల్లే కదా సిస్టర్, కొరికింది.” కుక్కపిల్లకు కూడా రేబిస్ వస్తుంది. తల్లి నుండో, పక్క కుక్క నుండో కాటు పడిన తరువాత లక్షణాలు కనబడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తెచ్చిన రోజున చురుకుగా ఉందంటే రేబిస్ లేదని అర్థం కాదు. టీకా వేయించిన కుక్క అని కూడా ఊరుకోవద్దు. కరిచినా, గోళ్ళతో గీరినా పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి రావాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లని భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు, ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేస్తారు. చర్మంలో వేసేవైతే మొదటి రోజు, ఆ తరువాత 3, 7, 28 రోజులకు. గాయం లోతుగా ఉంటే గాయంలోనే వేసే వేరే ఇంజక్షన్ కూడా అవసరం. వ్యాధి లక్షణాలు మొదలైతే ప్రాణం దక్కదు, అందుకని ఒక్క మోతాదు కూడా మానకూడదు.

ఖర్చుకు వెనకాడేవారు దగ్గరలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో అడగండి. ప్రతి సంవత్సరం జులై 6న, జంతువుల నుండి మనుషులకు వచ్చే వ్యాధుల దినం సందర్భంగా పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. వెళ్ళేటప్పుడు కుక్కకు మెడపట్టీ, తాడు ఉండాలి, టీకా కార్డు మీ వెంట తీసుకువెళ్ళండి.