చెక్క అరుగుకు కాంపోజిట్ పలక: కొనేముందు వేయవలసిన లెక్క

దుకాణం ముందు కూర్చోవడానికీ, కాటా పెట్టుకోవడానికీ వేసిన చెక్క అరుగు పాతబడితే మళ్ళీ టేకు వేయించాలా, కాంపోజిట్ పలక వేయించాలా? నారాయణఖేడ్, మనూరు వంటి చిన్న కేంద్రాల వర్తకులు కూడా ఈ ప్రశ్న వేసుకోవచ్చు. చెద పట్టదు, ఏటా రంగు అక్కరలేదు అని అమ్మేవారు చెప్పేది చాలావరకు నిజమే. అయితే టేకును చూసే చూపుతోనే ఈ సరుకును కొంటే చేతికి దెబ్బ తగులుతుంది.

కర్రపిండిని ప్లాస్టిక్కుతో కలిపి, వేడిచేసి, అచ్చులోంచి తోసి తీసినది కాంపోజిట్ పలక. దీనికి పెద్ద గిరాకీ అమెరికాలో ఏర్పడింది. అక్కడ ఇంటి వెనుక వేసుకునే చెక్క అరుగును డెక్ అంటారు. అక్కడి తెలుగువారికీ అది పరిచితమే. పూర్వం ఆ డెక్కులకు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మందు పట్టించిన కర్ర విస్తారంగా వాడారు. ఆ మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో కనుగొన్నది మన సొంఠి కామేశం. ఆర్సెనిక్ భయం వల్ల 2003 సంవత్సరాంతంతో ఇళ్ళ వాడకానికి ఆ కర్ర తయారీ అక్కడ నిలిచిపోయింది. అప్పటికే బజారులో ఉన్న కాంపోజిట్‌కు అది కలిసివచ్చింది.

మన బజారులో మొదటి చిక్కు పేరుతోనే. తలుపులకూ అలమరలకూ వాడే తేలికైన పీవీసీ నురుగు బోర్డును కూడా డబ్ల్యూపీసీ అనే అమ్ముతారు. అది అరుగుకు పనికిరాదు. అరుగుకని తయారైన డెక్ పలకనే అడగాలి. అందులోనూ గుల్ల పలక, గట్టి పలక అని రెండు రకాలు. గుల్లది చవుక, తేలిక. కానీ బస్తాల బండి చక్రం ఎక్కే చోట పగిలే ప్రమాదం ఉంది. కోసిన అంచు చూపించమంటే రకం తెలిసిపోతుంది. పైన ప్లాస్టిక్ పొర కప్పినదైతే మరకా, బూజూ తక్కువ.

అసలు మెలిక బరువు దగ్గర. అమెరికాలో ఇళ్ళ డెక్కుకు సాధారణంగా లెక్కించే భారం చదరపు అడుగుకు 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోలు. మన దగ్గర 50 కిలోల బస్తాలు పది వరుసలు పేరిస్తే 500 కిలోలు. అడుగు బస్తా సుమారు 5 చదరపు అడుగులు ఆక్రమిస్తుందనుకుంటే చదరపు అడుగుకు 100 కిలోలు పడుతుంది. పైగా ప్లాస్టిక్ ఉన్న సరుకు ఎండవేడిలో, ఎడతెగని బరువు కింద మెల్లగా వంగుతుంది. బరువు దించినా పూర్తిగా లేవదు. కాబట్టి నెట్టు కట్టే చోట తాండూరు బండ పరుచుకోవడమే మేలు. మనుషులు కూర్చునే, నడిచే భాగానికి మాత్రం కాంపోజిట్ చాలు.

పలక మారితే కింది దూలాలూ మారాలి. టేకు కన్నా ఇది బరువెక్కువ, బిగువు తక్కువ. పాత టేకు పలకలకు రెండడుగుల ఎడంలో వేసిన దూలాలు దీనికి చాలవు. కంపెనీ చెప్పిన ఎడం పాటించాలి. అది సాధారణంగా అడుగుకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ అదనపు దూలాల ఖర్చు బేరంలో ఎవరూ చెప్పరు. నల్లరేగడి నేలైతే దిమ్మెల పునాది లోతుగా పోవాలి. వానకు ఉబ్బి, ఎండకు కుంగే నేల మీద ఏ పలకా సమంగా నిలవదు.

కొలత సంగతి. టేకు ఘనపు అడుగు లెక్కన వస్తుంది, ఇది నిలువు అడుగు లేదా చదరపు అడుగు లెక్కన. రెండు ధరలనూ నేరుగా పోల్చరాదు. 20 అడుగులు, 10 అడుగుల అరుగుకు 145 మిల్లీమీటర్ల వెడల్పు పలకను 5 మిల్లీమీటర్ల సందుతో వేస్తే దాదాపు 407 నిలువు అడుగులు కావాలి. కోత తరుగు నూటికి 5 నుంచి 10 దాకా వేసుకోవచ్చు. వేడికి పలక పొడవునా సాగుతుంది కనుక కొనల దగ్గరా సందు వదలాలి. 12 అడుగుల పలక చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ 5, 6 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. మేకు కొట్టి బిగించేస్తే పలక లేస్తుంది. గ్యారంటీ కాగితంలో ఇంటి వాడకానికా, వ్యాపార వాడకానికా అన్నది చదవండి; వ్యాపారానికి గడువు తక్కువగా ఇచ్చే కంపెనీలే ఎక్కువ.

పాత పలకలను తీసేముందు వడ్రంగి చేత ఉలితో పొడిపించి చూడండి. టేకు చేవ గట్టిగా ఉంటే నాలుగు పలకలు మార్చి ఊరుకోవడమే లాభం. తీయక తప్పదంటే పాత టేకుకు కొనుగోలుదారు ఉంటాడు. ఆ సొమ్ము కొత్త ఖర్చులోంచి తీసివేయండి. కాంపోజిట్‌కు పాత సరుకు ధర ఉండదని ఇప్పుడే రాసుకోండి. పాత కరెంటు స్తంభాల కర్రతో వేసిన దూలాలుంటే వాటికి ఆర్సెనిక్ మందు పట్టించి ఉండవచ్చు. కంటికి తెలియదు. వాటిని నీళ్ళ పొయ్యిలో పెట్టవద్దు, బూడిదను పొలంలో చల్లవద్దు, అమ్మితే ఆ సంగతి చెప్పి అమ్మండి.