పెన్నీ మొదలు సవరన్ దాకా: పాత బ్రిటిష్ నాణేలపై ప్రశ్నలు - జవాబులు

ప్ర: మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. మొన్న కార్ బూట్ సేల్‌లో ఓ రేకుడబ్బా నిండా పాత నాణేలు దొరికితే కొన్నాను. మా పదేళ్ల పాప వాటిని వదలడం లేదు. సరిగ్గా సేకరించడం నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక తల్లి, లెస్టర్

జ: పెన్నీలతో మొదలుపెట్టించండమ్మా. వెండి, బంగారం జోలికి ఇప్పుడే వద్దు. 1860లో కంచు పెన్నీ వచ్చింది. అప్పటినుంచి పాత లెక్కల కాలం ముగిసేదాకా దాని కొలత మారలేదు: దాదాపు 31 మిల్లీమీటర్ల వెడల్పు, తొమ్మిదిన్నర గ్రాముల బరువు. అరచేతిలో నిండుగా కూర్చుంటుంది, అక్షరాలు పెద్దవి, ధర తక్కువ. పిల్లలకు ఇంతకన్నా మంచి నాణెం లేదు.

ముందు పాత లెక్క చెప్పండి. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌండుకు 240 పెన్నీలు. పెన్నీలో నాలుగో వంతు ఫార్దింగ్. 1971 ఫిబ్రవరి 15న ఈ లెక్క పోయి పౌండుకు వంద పెన్నీలయ్యాయి. మీ పుట్టింట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే ఫోన్‌లో పాపతో మాట్లాడించండి. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైల లెక్క వాళ్లకు నోటికి వచ్చి ఉంటుంది. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే పాపకు ఇట్టే అర్థమవుతుంది.

తర్వాత భూతద్దం చేతికివ్వండి. పెన్నీ వెనక త్రిశూలం పట్టుకుని కూర్చున్న బ్రిటానియా ఉంటుంది. విక్టోరియా కాలపు మొదటి కంచు పెన్నీల్లో ఆమెకు ఒక పక్క దీపస్తంభం, ఇంకో పక్క ఓడ కనిపిస్తాయి. 1895లో రెండూ మాయమయ్యాయి. 1937లో దీపస్తంభం ఒక్కటే తిరిగొచ్చింది. 1912, 1918, 1919 పెన్నీలు దొరికితే సంవత్సరానికి ఎడమ పక్కన చూడమనండి. కొన్నిటి మీద చిన్న 'హెచ్' అక్షరం ఉంటుంది. 1918, 1919 నాణేల్లో కొన్నిటి మీద 'కె ఎన్' ఉంటుంది. అవి లండన్ టంకశాలలో కాక బర్మింగ్‌హామ్‌లోని హీటన్, కింగ్స్ నార్టన్ కార్ఖానాల్లో ముద్రించినవి. 'కె ఎన్' దొరికితే ఆ రోజు పండగ చేసుకోండి.

మొహాల దిక్కు కూడా గమనించమనండి. రాజు మారినప్పుడల్లా నాణెం మీద మొహం చూసే దిక్కు మారడం అక్కడి ఆనవాయితీ. విక్టోరియా ఎడమకి, ఏడో ఎడ్వర్డ్ కుడికి, అయిదో జార్జి ఎడమకి చూస్తారు. ఎనిమిదో ఎడ్వర్డ్ కుడికి చూడాలి, కానీ తనకు ఎడమవైపే కావాలని పట్టుబట్టాడు. నాణేలు చలామణీలోకి రాకముందే 1936 డిసెంబరులో సింహాసనం వదిలేశాడు. తర్వాతి రాజు ఆరో జార్జిని మళ్లీ ఎడమకే చూపించారు, మధ్యలో ఆ ఎడ్వర్డ్ కుడికి చూసినట్టే లెక్కవేసి. మీ డబ్బాలో 1936, 1937 పెన్నీలు రెండూ ఉంటే పక్కపక్కన పెట్టి ఈ కథ చెప్పండి.

ప్ర: మా తాతగారి పెట్టెలో 1944 పెన్నీ ఒకటి, వెనక పులిబొమ్మ ఉన్న 1947 రూపాయి ఒకటి దొరికాయి. ఇలాంటి వాటికి లక్షలు వస్తాయని వీడియోల్లో చెబుతున్నారు. కొనేవాళ్లు ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు. కట్టవచ్చా?
- కాకినాడ

జ: ఒక్క రూపాయి కూడా కట్టకండి. నాణెం కొనేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోకూడదు. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాల్లో తమ పేరు, లోగో వాడి కొందరు ఫీజులు, కమిషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని, తాము ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

ఇక నాణేల సంగతి. పులి ఉన్న రూపాయి మీద రాజు బొమ్మ ఉన్నా అది బ్రిటన్ నాణెం కాదు, బ్రిటిష్ ఇండియా నాణెం. నికెల్‌తో చేసింది, వెండి లేదు. పెన్నీ మాత్రం ఇంగ్లండ్‌దే. అది నల్లగా ఉంటే చెడిపోయిందనుకోకండి. 1944 నుంచి 46 దాకా పెన్నీలను టంకశాలలోనే రసాయనంతో నలుపెక్కించి వదిలారు. బాగా అరిగిన పెన్నీకి అక్కడ ఒక పౌండు కూడా పలకదు. కానీ ఇంగ్లండ్ చిల్లర డబ్బు మీ తాతగారి పెట్టెలోకి ఎలా వచ్చింది? ఓడలో పనిచేశారా, యుద్ధానికి వెళ్లారా? తెలిసినవాళ్లు ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసి నాణెంతో కలిపి ఉంచండి.

ప్ర: పాత వెండి షిల్లింగులను చింతపండు, విబూదితో తోమితే తళతళలాడుతున్నాయి. మిగతావీ అలాగే చేయనా?
- భీమవరం

జ: దయచేసి ఇంతటితో ఆపండి. చింతపండు పులుపు, విబూది రాపిడి నాణెం పైపొరను తినేస్తాయి. కాలం పెట్టిన ఆ ముదురు రంగే సేకర్తలకు కావలసింది. తోమిన నాణేన్ని చూడగానే గుర్తుపట్టి ధర సగానికి దించుతారు. మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్లకు పచ్చటి జిగురు పడుతుంది, వాటిని వాడకండి. మీది తేమ ప్రాంతం కాబట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి.

షిల్లింగులు చేతిలో ఉన్నాయి కనుక ఒక లెక్క గుర్తుంచుకోండి. 1919 దాకా వాటిలో వెండి 92.5 శాతం. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వెండి ధర పెరగడంతో 1920 నుంచి 50 శాతానికి దించారు. రెండో యుద్ధంలో అమెరికా దగ్గర అరువు తెచ్చుకున్న వెండిని తిరిగివ్వాల్సి వచ్చి, 1947 నుంచి పూర్తిగా తీసేసి రాగి-నికెల్ పెట్టారు. '1948 వెండి షిల్లింగ్' అని ఎవరైనా అమ్మజూపితే తిరిగి వచ్చేయండి.

ప్ర: మా అమ్మమ్మ పేరులో గుర్రం బొమ్మ ఉన్న బంగారు కాసులు ఉన్నాయి. కరిగించి గాజులు చేయిద్దామంటున్నారు. చేయించవచ్చా?
- విజయవాడ

జ: ఒక్క రోజు ఆగండి. గుర్రం మీద వీరుడు, కింద డ్రాగన్ ఉంటే అది సవరన్ కావచ్చు. ఇటలీ నుంచి వచ్చిన పిస్ట్రుచ్చి అనే శిల్పి చెక్కిన సెయింట్ జార్జి బొమ్మ అది, 1817 నుంచి ఉంది. అసలైన సవరన్ 22 క్యారెట్లది. బరువు 7.98 గ్రాములు, వెడల్పు 22 మిల్లీమీటర్లు. మనవైపు కాసంటే ఎనిమిది గ్రాములు అనే లెక్కకు ఇది చాలా దగ్గర. అయితే పేర్లలో కంసాలి ముద్రవేసిన పలచని బిళ్లలు కూడా ఎక్కువే. బరువు తూస్తే తేడా తెలిసిపోతుంది, కాకపోతే కొక్కెం బరువు కూడా కలుస్తుందని మరవకండి.

అసలైనదే అయితే సంవత్సరం అంకెలకు పైన, గుర్రం కాళ్ల కింది నేల మీద భూతద్దం పెట్టి చూడండి. అక్కడ 'ఎస్' ఉంటే సిడ్నీలో, 'ఎం' ఉంటే మెల్‌బోర్న్‌లో, 'పి' ఉంటే పెర్త్‌లో ముద్రించింది. 1918 సంవత్సరంతో 'ఐ' అక్షరం కనిపిస్తే అది బొంబాయిలో ముద్రించిన సవరన్. బ్రిటిష్ పాలనలో ఇంగ్లండ్ బంగారు నాణెం మన గడ్డ మీద ముద్రపడింది ఆ ఒక్క సంవత్సరం అంకెతోనే. కొక్కెం అతికించిన నాణేనికి సేకర్తలు పెద్దగా ఎక్కువ ఇవ్వరు, బంగారం ధరే వస్తుంది. అయినా నా మాట వింటే కరిగించకండి. గాజులకు వేరే బంగారం దొరుకుతుంది.

ప్ర: నేను డిగ్రీ చదువుతున్నాను. ఆరో జార్జి పెన్నీలు రెండు కొన్నాను. 1948 నాటి దాని మీద ఉన్న అక్షరాలు 1949 దాని మీద లేవు. ఒకటి నకిలీనా?
- వరంగల్

జ: రెండూ అసలైనవే బాబూ. అంత జాగ్రత్తగా చూసినందుకు సంతోషం. 1948 నాణెం మీద లాటిన్ పొడి అక్షరాల చివర 'ఐ ఎన్ డి, ఐ ఎం పి' అని ఉంటుంది. ఇండియా చక్రవర్తి అనే బిరుదు అది. విక్టోరియా ముసుగు తల నాణేలతో 1893లో ఆ అక్షరాలు మొదలయ్యాయి. మనకు స్వాతంత్ర్యం వచ్చినా 1948 జూన్‌లో గానీ రాజు ఆ బిరుదు వదులుకోలేదు. అందుకే 1949 నుంచి నాణేల మీద అది లేదు. ఖాళీ అయిన చోటు నింపడానికి అంతకుముందు 'ఎఫ్ డి' అని రెండే అక్షరాల్లో ఉన్న 'ధర్మరక్షకుడు' బిరుదును కాస్త విడదీసి 'ఫిడెయి డెఫ్' అని చెక్కారు. మన స్వాతంత్ర్యం ఇంగ్లండ్ చిల్లర మీద ఇంత స్పష్టంగా అచ్చయింది. ఈ రెండు పెన్నీల జత ప్రతి తెలుగు సేకర్త దగ్గరా ఉండాలని నా కోరిక.

ప్ర: 1933 పెన్నీ తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. కొనవచ్చా?
- హైదరాబాద్

జ: వద్దు. ఆ ఏడాది పెన్నీల అవసరమే లేక వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ముద్రించారు. కొన్నిటిని కొత్త భవనాల పునాదుల్లో పెట్టారు. మీకు చూపిస్తున్నది వేరే సంవత్సరం అంకెను గీకి మార్చినదో, ఉత్త నకలో అయి ఉంటుంది.

ప్ర: సెలవులకు వచ్చాను. నాన్నమ్మ ఇచ్చిన విక్టోరియా నాణేలు లండన్ తీసుకెళ్లవచ్చా?
- గుంటూరు

జ: కుదరదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ఎవరూ సొంతంగా దేశం దాటించకూడదు. ఇంట్లో ఉంచుకోవడానికి ఇబ్బంది లేదు, విమానాశ్రయంలో బయటపడితే మాత్రం నాణెం పోతుంది, కేసూ అవుతుంది. ఇక్కడే ఎవరికైనా అప్పగించి వెళ్లండి.

పాఠకులకు ఒక మనవి: నాణెం గురించి రాసేటప్పుడు రెండు వైపులా పగటి వెలుతురులో తీసిన ఫొటోలు, గ్రాముల్లో బరువు, మిల్లీమీటర్లలో వెడల్పు పంపండి. ఫొటో తీసే ముందు తోమకండి.