ముద్ర చూసి కేసు పెట్టకండి

ఖమ్మం, కొత్తగూడెం కోర్టుల్లో ప్రభుత్వం తరఫున వాదిస్తూ వయసైపోయింది. కొత్తగా పబ్లిక్ ప్రాసిక్యూటర్లు (పీపీలు) అవుతున్న పిల్లలకు చెప్పాలనిపించినవి ఇవి.

1. ముందు ఉద్దేశం తేల్చుకోండి.
మన అశ్వాపురం దగ్గర మణుగూరు భారజల కర్మాగారం ఉంది. అలాంటి చోట ఫొటో తీస్తూ ఎవరో దొరికారనుకోండి, స్టేషన్‌లో చప్పున గుర్తొచ్చేది 1923 నాటి అధికార రహస్యాల చట్టం. దాని మూడో సెక్షన్ నిషిద్ధ ప్రదేశం దరిదాపుల్లో ఉండటాన్ని కూడా నేరమంటుంది. అయితే దేశ భద్రతకు, ప్రయోజనాలకు చేటు చేసే ఉద్దేశం ఉండాలి. చిక్కేమిటంటే, ఆ ఉద్దేశాన్ని పరిస్థితుల నుంచీ మనిషి నడతనుంచీ ఊహించుకోవచ్చని అదే సెక్షన్ అంటుంది. చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెలకు మావోయిస్టుల ముద్ర ఉంది గనుక, అక్కడ పుట్టినవాడికి ఊరి పేరే అనుమానమవుతుంది. ఆ వెసులుబాటును ఎంత తక్కువగా వాడితే అంత మంచిది.

2. రహస్యమన్నవాళ్లు ఎందుకు రహస్యమో రాసివ్వాలి.
2002 జూన్‌లో ఢిల్లీలో జర్నలిస్టు ఇఫ్తికార్ గిలానీని ఇదే చట్టం కింద అరెస్టు చేశారు. ఆయన కంప్యూటర్‌లో దొరికిన పత్రం అప్పటికే ఇంటర్నెట్‌లో అందరికీ దొరుకుతోంది. అది ఎవరికి అందితే ఏ నష్టమో మొదటి రోజే అడిగి ఉంటే ఆయనకు ఏడు నెలల తీహార్ జైలు తప్పేది. 2003 జనవరిలో ప్రభుత్వమే కేసు వెనక్కి తీసుకుంది.

3. అనుమతి కాగితం మీ బుర్రకు బదులు కాదు.
అధికార రహస్యాల చట్టం కింద ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన అధికారి ఫిర్యాదు లేకుండా కోర్టు కేసు స్వీకరించదు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా)లో అనుమతికి ముందు సాక్ష్యాలను వేరే అధికారి స్వతంత్రంగా పరిశీలించాలి. ఇన్ని గడపలున్నా, 2022లో మన పక్కన తాడ్వాయిలో, దొరికిన మావోయిస్టు సాహిత్యంలో పేర్లున్నాయని ప్రొఫెసర్ హరగోపాల్ సహా 150 మందికి పైగా ఉపా కేసులో చేర్చారు. అందులో అప్పటికే కన్నుమూసిన బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ సురేశ్ పేరు కూడా ఉంది! 2023లో సంగతి బయటపడి నిరసనలు వచ్చాక, హరగోపాల్ మీద కేసు ఎత్తేయమని అప్పటి ముఖ్యమంత్రి ఆదేశించారు.

4. వెనక్కి తగ్గడం పీపీ పనిలో భాగమే.
ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ 1994లో అరెస్టయ్యారు. గూఢచర్యం జరగలేదని సీబీఐ 1996లోనే తేల్చింది. ఆయనకు 50 లక్షల పరిహారమివ్వమని సుప్రీంకోర్టు అన్నది 2018లో. ఆ మధ్య ఏళ్లు ఏ పరిహారంలోనూ లేవు. పైవాళ్ల మాట కాదనలేక కేసులు నడిపిన తోటివాళ్లను చూశాను. వాళ్లతో ఇంకా గట్టిగా మాట్లాడి ఉండాల్సిందని నా బాధ. కేసు ఉపసంహరణకు పాత సీఆర్‌పీసీలో 321వ సెక్షన్ ఉండేది, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 360. కోర్టు సమ్మతి కావాలి, కానీ ఆ అర్జీ పెట్టాల్సింది మీరే. సాక్ష్యం నిలవదని తెలిసిన వారంలోనే పెట్టండి. నిందితుడు లోపలుంటే ఇంకా ముందే.