విత్తనముతో వచ్చునది జన్యువులు మాత్రమే కాదు

పులివెందుల వద్ద ఇద్దరు రైతులు ఒకే రకపు వేరుశనగను పండించి, ఎవరి విత్తనమును వారు దాచుకొనిరనుకొందము. మరుసటి ఏడు ఆ రెంటిని ఒకే చేనిలో విత్తగా ఒకరిది చక్కగా మొలచినది; రెండవవారిది పలుచబడినది. “రకము చెడినది, మార్చవలెను” అని రెండవ రైతు తలచుట సహజము. కాని చెడినది రకము కాకపోవచ్చును.

మొక్కల గుణములు అంశములుగా సంతతికి సంక్రమించునని మెండెల్ 1865లో బఠాణీ ప్రయోగముల ద్వారా తెలిపెను. ఆ అంశములనే నేడు జన్యువులందుము. అయితే వీటితోపాటు మరికొన్ని కూడ తరమునుండి తరమునకు చేరును.

మొదటిది తల్లి పోషణ. ఊడలు నేలలో దిగిన తరువాత కాయ తనకు కావలసిన కాల్షియంను చుట్టునున్న మట్టినుండియే తీసికొనును. అది చాలనిచో తాలుకాయలు ఏర్పడును. గింజ కట్టినను మొలకశక్తి తగ్గును. జన్యువులు మారకున్నను తల్లి పడిన లేమి బిడ్డలో కనబడును. కావున విత్తనపు చేనికి పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సమును మొదళ్లవద్ద వేసి మట్టి ఎగదోయవలెను.

రెండవది వెంటవచ్చు సూక్ష్మజీవులు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగళ్లలో వేయు శనగకు ఎండుతెగులు నేలనుండియే గాక విత్తనము ద్వారా కూడ రావచ్చును. చీనీలో కన్ను తీసిన చెట్టుకు గ్రీనింగ్ తెగులున్నచో, అంటుమొక్కకు మంచి కాపు గుణముతోపాటు ఆ తెగులును సంక్రమించును. మేలుచేయు రైజోబియం మాత్రము సాధారణముగా నేలనుండియే వేళ్లకు చేరును. శనగకు తగినది వేరు, వేరుశనగకు తగినది వేరు. అందుచే శనగను క్రొత్తగా వేయు చేనికి శనగ రైజోబియంను విత్తనమునకు పట్టించి, నీడన ఆరబెట్టి విత్తవలెను.

మూడవది జన్యువులపై చేరు గుర్తులు. ఐరోపాలోని లినేరియా అను మొక్కలో పూల ఆకృతి మారిన రూపమును లిన్నేయస్ 1744లో వర్ణించెను. ఆ జన్యువు మారలేదనియు, మిథైల్ అను రసాయనపు గుర్తులు దానిని పనిచేయనీయక ఆపినవనియు 1999లో తెలిసినది. ఇట్టి గుర్తులు విత్తనము ద్వారా సంక్రమించవచ్చును, చెరిగిపోవుటయు కలదు. కావున ఒక ఏడు బెట్టకు నిలిచిన చేని విత్తనము ఎల్లప్పుడు బెట్టకు ఓర్చునని నమ్మరాదు.

పంటల పరిణామములో రైతు చేయియు కలదు. ఏ మొక్కనుండి విత్తనము దాచిన దాని సంతతియే ముందు తరములలో పెరుగును. అయితే గట్టుప్రక్క ఎరువు తిన్న మొక్కకు కాయలు మెండుగా నుండుట జన్యుబలము కాదు, నేలబలము. చేని నడుమ, ఒకే తీరు నేలలో, తెగులు లేని మొక్కలనే విత్తనమునకు ఏరవలెను. సారము చెడని నేలయు, ఏరుటలోని నేర్పును కూడ మన బిడ్డలకు దక్కు వారసత్వమే.

రకమును మార్చుటకు ముందు నూరు గింజలను తడిగోనెలో చుట్టి, తడి ఆరకుండ ఉంచి చూడుడు. వేరుశనగలో 70, శనగలో 85 మొలకలకు తక్కువైనచో లోపము విత్తనములోనిది, రకమును నిందింపవలదు. అదే రకములో మేలైన విత్తనమును తెచ్చుకొనుడు.