జేబు ఆంప్లిఫయరు: శ్రుతి కుదరాలంటే

ఇల్లలకగానే పండుగ కాదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ రోజుల్లో హాస్టల్లో ఏ గది తలుపు తట్టినా లోపలివాడికి వినపడదు. కారణం, చెవులకు హెడ్‌ఫోను! అంతటితో ఆగక కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, సెల్‌ఫోనుకూ హెడ్‌ఫోనుకూ మధ్య అగ్గిపెట్టెకు అన్నలాంటి చిన్న పెట్టె ఒకటి తగిలిస్తున్నారు. అదే జేబులో పట్టే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయరు. మెస్ బిల్లు కట్టవలసిన డబ్బు దానికి పోసిన తరువాత, "అబ్బ, పాట కళ్ళముందు పాడుతున్నట్టుందిరా!" అనేవాడు ఒకడు. "ఏముంది, ఇదివరకటిలాగే ఉందిగా" అని పెదవి విరిచేవాడు మరొకడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. పెట్టె ఒకటే అయినా దాన్ని ఏ హెడ్‌ఫోనుకు తగిలించాం, ఎలా వాడాం అన్నదానిమీద ఫలితం ఆధారపడుతుంది. ఆ సంగతులు కొంచెం లెక్కతో సహా చూద్దాం. భయపడకండి, ఇంటర్మీడియట్ ఫిజిక్సు చాలు.

కొంచెం చరిత్ర

హెడ్‌ఫోను కొత్త వస్తువేం కాదు. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన నెథానియల్ బాల్డ్విన్ తన వంటింట్లో కూర్చుని తయారుచేసిన హెడ్‌ఫోన్లను 1910లో ఆ దేశపు నౌకాదళం కొన్నది. సంగీతం వినడం కోసమే స్టీరియో హెడ్‌ఫోనును 1958లో మిల్వాకీ నగరంలో జాన్ కాస్ బయటపెట్టాడు. 1979లో సోనీ వారి వాక్‌మన్ వచ్చి పాటను వీధిలోకి నడిపించింది. ఇక జేబు ఆంప్లిఫయరు సంగతి. 1990ల చివరలో చూ మోయ్ అనే ఆయన ఒక చిన్న సర్క్యూటును అందరికీ అందుబాటులో పెట్టాడు. ఒక 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఆపరేషనల్ ఆంప్లిఫయరు చిప్పు, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు: అంతే సరంజామా. లోకమంతటా కుర్రాళ్ళు దాన్ని పిప్పరమెంటు డబ్బాల్లో బిగించుకున్నారు. 'సీమోయ్' అన్న పేరు అలా నిలిచిపోయింది. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటి సామాను ఇప్పటికీ ఏరుకోవచ్చు. పాఠానికి ఆ సీమోయ్ సర్క్యూటునే ఉదాహరణగా తీసుకుందాం.

అసలు అవసరముందా?

హెడ్‌ఫోను పెట్టెమీద రెండు అంకెలుంటాయి. ఒకటి ఇంపిడెన్సు, ఓమ్‌లలో. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాటు ఇస్తే ఎన్ని డెసిబెళ్ళ శబ్దం వస్తుందన్నది. (కొందరు మిల్లీవాటుకు బదులు వోల్టుకు ఇస్తారు. ఏది ఇచ్చారో చూసుకోవాలి.) మనం గుర్తుంచుకోవలసిన సూత్రాలు రెండే. సామర్థ్యం పదిరెట్లయితే శబ్దం 10 డెసిబెళ్ళు పెరుగుతుంది. సామర్థ్యమంటే వోల్టేజి వర్గాన్ని ఇంపిడెన్సుతో భాగించగా వచ్చేది.

రెండు హెడ్‌ఫోన్లున్నాయనుకోండి. రెండింటికీ సెన్సిటివిటీ మిల్లీవాటుకు 97 డెసిబెళ్ళే. ఒకటి 32 ఓమ్‌లది, రెండోది 300 ఓమ్‌లది. పాటలో మృదంగం దెబ్బ పడ్డ ఆ క్షణంలో 107 డెసిబెళ్ళు రావాలనుకుందాం. రెండింటికీ 10 మిల్లీవాట్లు కావాలి. కాని వోల్టేజి చూడండి: 32 ఓమ్‌లదానికి సుమారు 0.57 వోల్టులు చాలు, 300 ఓమ్‌లదానికి 1.73 వోల్టులు కావాలి. కరెంటు సంగతి దీనికి తలకిందులు. మొదటిది దాదాపు 18 మిల్లీ ఆంపియర్లు లాగితే రెండోది 6 మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది.

సెల్‌ఫోను గాని, దానికి తగిలించే చిన్న తోక ఎడాప్టరు గాని సుమారు ఒక వోల్టు ఇవ్వగలదనుకుందాం. 32 ఓమ్‌లదానికి అది కావలసినదానికంటె ఎక్కువే. అటువంటి హెడ్‌ఫోను ఉన్నవాడు బిగ్గరగా వినడానికే ఆంప్లిఫయరు కొంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. 300 ఓమ్‌లదానికి మాత్రం ఒక వోల్టుతో 102 డెసిబెళ్ళు వస్తాయి. అంటే లోటు 5 డెసిబెళ్ళ లోపు. మెల్లిగా వినేవాడికి అదీ లోటు కాదు. కాబట్టి జేబులో చెయ్యి పెట్టేముందు కాగితమ్మీద పెన్సిలు పెట్టండి. లెక్కకు పైసా ఖర్చు లేదు గదా!

జోడీ కుదిరిందా?

బలం ఒక్కటే చాలదు, జోడీ కుదరాలి. ఆంప్లిఫయరుకు కూడా లోపల కొంత ఇంపిడెన్సు ఉంటుంది. దాన్ని అవుట్‌పుట్ ఇంపిడెన్సు అంటారు. హెడ్‌ఫోనుకు వెళ్ళవలసిన వోల్టేజిలో కొంత వాటాను అది దారిలోనే కాజేస్తుంది. అన్ని స్వరాల దగ్గరా ఒకే వాటా కాజేస్తే నష్టం లేదు, వాల్యూము కొంచెం పెంచుకుంటాం. కాని కొన్ని ఇయర్‌ఫోన్ల ఇంపిడెన్సు మంద్రంలో ఒకలా, తారంలో ఒకలా ఉంటుంది. ఒకచోట 16 ఓమ్‌లు, ఇంకోచోట 50 ఓమ్‌లు ఉందనుకోండి. ఆంప్లిఫయరు అవుట్‌పుట్ ఇంపిడెన్సు 10 ఓమ్‌లయితే, మొదటిచోట 4.2 డెసిబెళ్ళు, రెండోచోట 1.6 డెసిబెళ్ళు పోతాయి. తేడా 2.6 డెసిబెళ్ళు. ఆ తేడా చెవికి తెలుస్తుంది. వీణ నాదం మారినట్టనిపించేది అందుకే. అదే 1 ఓమ్ అయితే తేడా 0.4 డెసిబెల్‌కు పడిపోతుంది.

అందుచేత వాడుకలో ఉన్న నియమమేమంటే, ఆంప్లిఫయరు అవుట్‌పుట్ ఇంపిడెన్సు హెడ్‌ఫోను ఇంపిడెన్సులో ఎనిమిదో వంతుకు మించకూడదు. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోనుకు 2 ఓమ్‌లు మించరాదు. కొనేటప్పుడు "ఎన్ని వాట్లు?" అని అడిగేవాళ్ళే గాని ఈ అంకె అడిగేవాళ్ళు తక్కువ. మీరు అడగండి.

గెయిను, వాల్యూము

ఇది అన్నిటికంటె ఎక్కువమంది తప్పటడుగు వేసే చోటు. మొదటి సీమోయ్ సర్క్యూటుకు గెయిను సుమారు 11. అంటే లోపలికి ఒక వోల్టు వెళితే 11 వోల్టులు బయటికి రావాలి. బ్యాటరీయేమో 9 వోల్టులది! దాన్ని మధ్యకు చీలిస్తే పైకి 4.5, కిందికి 4.5. అందులో చిప్పు తన వంతుగా అటూ ఇటూ ఒకటిన్నర వోల్టులు మింగుతుందనుకుంటే మిగిలింది 3 వోల్టుల శిఖరం, అంటే సుమారు 2.1 వోల్టుల సగటు (ఆర్.ఎం.ఎస్.) విలువ. అక్కడికి చేరగానే తరంగం తల నరికినట్టు చదునైపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. గాయని గొంతెత్తినచోట గరగర వినిపించేది అదే.

ఒక వోల్టు ఇచ్చే ఫోనుకూ, రెండు వోల్టులే ఇవ్వగల ఆంప్లిఫయరుకూ గెయిను 2 చాలు. 11 పెట్టుకుంటే మూడు నష్టాలు. ఒకటి, వాల్యూము మీట మొదటి పావు తిప్పులోనే చెవులు బద్దలవుతాయి. రెండు, ఆ మొదటి పావులోనే కుడి ఎడమల మధ్య సమతూకం బాగా చెడి ఉంటుంది. చవకరకం జంట వాల్యూము కంట్రోళ్ళలో రెండు పట్టాలూ అక్కడ ఒకదానితో ఒకటి కలవవు. మూడు, చిప్పులో పుట్టే 'సుయ్'మనే శబ్దం కూడా గెయినుతో పెరుగుతుంది. సెన్సిటివిటీ ఎక్కువగల ఇయర్‌ఫోనుకు ఇది పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం. కనుక పెట్టెకు 'లో', 'హై' అని గెయిను స్విచ్చి ఉంటే 'లో'తోనే మొదలుపెట్టాలి. మీటను సగం దాటించినా చాలలేదంటేనే 'హై'.

ఫోను వాల్యూము ఎక్కడ ఉంచాలి? ఫోనులో తగ్గించేది అంకెల్లో తగ్గించడమైతే, ప్రతి 6 డెసిబెళ్ళకూ ఒక బిట్ సమాచారం పోయినట్టు లెక్క. పైగా అక్కడ తగ్గించి ఇక్కడ పెంచితే మధ్యలోని రొదనూ పెంచినట్టే. కాబట్టి ఫోను వాల్యూము పూర్తిగా ఉంచి, పెట్టెమీది మీటతో సర్దుకోవాలి. పూర్తిగా పెడితే ఫోనే గరగరమంటే ఒకటి రెండు మెట్లు దించండి. ఈక్వలైజరులో మంద్రాన్ని 6 డెసిబెళ్ళు పెంచారా, అందులోనే ఉండే ప్రీఆంప్ మీటను 6 డెసిబెళ్ళు దించండి. లేకపోతే పాట ఆంప్లిఫయరును చేరకముందే క్లిప్ అయిపోతుంది. ఆ పాపం పెట్టెది కాదు.

బ్యాటరీ, తీగలు, చెవి బుడిపెలు

బ్యాటరీ అరిగి 7 వోల్టులకు దిగిందనుకోండి. పై లెక్కే మళ్ళీ వేస్తే శిఖరం 2 వోల్టులు, సగటు 1.4. మన 300 ఓమ్‌ల హెడ్‌ఫోనుకు మృదంగం దెబ్బ దగ్గర 1.73 కావాలి గదా? చాలదు. ఆలాపన బాగానే ఉండి తని దగ్గర గరగరమంటే ముందుగా బ్యాటరీని అనుమానించండి. రీచార్జి చేసే '9 వోల్టుల' నికెల్ బ్యాటరీల్లో ఏడు గదులవి ఉంటాయి. వాటి అసలు విలువ 8.4 వోల్టులే.

ఛార్జరు తగిలించి వింటున్నప్పుడు 'గుయ్' మంటే ఛార్జరు తీసి చూడండి. రొద పోయిందంటే దొంగ దొరికినట్టే. 2జి సిగ్నలుమీద ఉన్న ఫోను పక్కనే ఉంటే 'టట్టట్ట'మని వినపడేది 217 హెర్ట్జ్‌ల పల్సుల వల్ల. ఫోనును జానెడు దూరం జరపండి. 3.5 మిల్లీమీటర్ల జాకు దగ్గర ఒకవైపు పాట వచ్చిపోతుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడవండి. చెవిలో దూర్చే రకమైతే రబ్బరు బుడిపె చెవికి సరిగ్గా మూసుకోవాలి. సందు ఉంటే మంద్రమంతా బయటికి పోతుంది. ఏ ఆంప్లిఫయరూ దాన్ని వెనక్కి తేలేదు.

సొంతంగా సర్క్యూటు బిగించినవారికి ఒక హెచ్చరిక. హెడ్‌ఫోను తగిలించక ముందే అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటరు పెట్టి డి.సి. వోల్టేజి చూడాలి. 20 మిల్లీవోల్టులు దాటితే ఎక్కడో పొరపాటుందన్నమాట. స్విచ్చి వేసిన తరువాతనే హెడ్‌ఫోను చెవికి పెట్టుకోవాలి, ముందు కాదు.

పరీక్ష

కుడి ఎడమల సమతూకం చూడటానికి మనకు మంచి సాధనమొకటి ఉంది: పాత సినిమా పాట. 'మాయాబజార్' (1957) నాటి పాటలు మోనో రికార్డింగులు. రెండు చెవుల్లోనూ ఒకే సంకేతం. కాబట్టి ఘంటసాలగారి గొంతు సరిగ్గా తల నడిమధ్య నిలబడాలి. ఒక పక్కకు ఒరిగిందంటే హెడ్‌ఫోను తిరగేసి పెట్టుకోండి. ఒరుగూ తిరగబడితే లోపం హెడ్‌ఫోనుదో ఆంప్లిఫయరుదో అయి ఉండాలి, తిరగబడకపోతే మీ చెవిదే. (తరువాత స్టీరియోగా మార్చి అమ్మినవి ఇందుకు పనికిరావు.)

"ఈ పెట్టెతో పాట మెరుగైంది" అనుకునేముందు ఇంకో పరీక్ష. రెండింటిలో కొంచెం బిగ్గరగా ఉన్నదే మంచిదని మన చెవి తీర్పు చెబుతుంది. శబ్దం పెరిగేకొద్దీ మంద్రం మరింత నిండుగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే చూపించారు. అందుచేత 300 హెర్ట్జ్‌ల టోను వేసి, హెడ్‌ఫోను తగిలించి ఉండగానే ల్యాబులోని మల్టీమీటరుతో రెండు వైపులా ఎ.సి. వోల్టేజి ఒక శాతం లోపు సమానం చేయాలి. తరువాత స్నేహితుణ్ణి మీకు కనపడకుండా మార్చమనండి. పదిసార్లలో తొమ్మిదో పదో సరిగ్గా చెప్పారా, అది గుడ్డి ఊహతో జరిగే అవకాశం నూటికి ఒకటే. మీకు నిజంగా తేడా వినపడుతున్నట్టు. అయిదో ఆరో చెప్పారా, మీ పాత ఎడాప్టరే చాలు, ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోను కొనుక్కోండి.

అన్నిటికంటె విలువైన పరికరం

చివరిదే అయినా అసలు మాట ఇది. ఆంప్లిఫయరు చెడితే బాగుచేసుకోవచ్చు, చెవి చెడితే లేదు. ఒక్కొక్క చెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలు సుమారు 15 వేలు. పోయినది మళ్ళీ మొలవదు. అమెరికాలోని నియోష్ సంస్థ పని స్థలాలకు పెట్టిన హద్దు 85 డెసిబెళ్ళకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకూ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. సంగీతం వినే పెద్దవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది 80 డెసిబెళ్ళు, వారానికి 40 గంటలు.

మన 32 ఓమ్‌ల హెడ్‌ఫోనుకు 97 డెసిబెళ్ళంటే 0.18 వోల్టులే! 85 డెసిబెళ్ళకు 45 మిల్లీవోల్టులు. పాట నడుస్తుండగా మల్టీమీటరు పెట్టి చూడండి, అంచనా తెలుస్తుంది. చవక మీటరు తారస్వరాలను తగ్గించి చూపుతుంది కాబట్టి, అసలు శబ్దం అది చూపినదానికంటె ఎక్కువే ఉంటుందనుకోండి. ఫ్యాను హోరును, పక్కగదివాడి కబుర్లను ముంచేయడానికని వాల్యూము పెంచకండి. దానికి బదులు చెవికి బాగా మూసుకునే బుడిపెలు వెతుక్కోండి. రాత్రి పాట ఆపాక చెవిలో 'గుయ్' మని హోరు వినిపిస్తే అది మీ చెవి పెడుతున్న మొర.

మంచి ఆంప్లిఫయరు గొప్పతనం బిగ్గరగా మోగడంలో లేదు, తక్కువ శబ్దంలోనూ తంబురా నాదం తెగకుండా వినిపించడంలో ఉంది. గెయిను తగ్గించి, జోడీ కుదిర్చి, మీటను సగం దగ్గర నిలిపితే చిన్న పెట్టె కూడా ఆ పని చేస్తుంది. మనకిప్పుడు ఇరవై ఏళ్ళు. అరవైలో కూడా ఈ పాటలే ఈ చెవులతోనే వినాలి గదా!